కేసు షీట్లో రాయని పని

పోయిన నెల మా సులోచనక్కను మోకాలి నొప్పికని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సులోచనక్క మా పెదనాయన కూతురు, పురసవాక్కంలో జవుళి కొట్టు వాళ్ళింటి కోడలు. ఇప్పటి ఆసుపత్రులు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. అడుగుపెట్టగానే చల్లగాలి, ఒక మూల కాఫీ మిషను, ఎదురుగా నవ్వు మొహంతో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి చేతిలో ట్యాబు పట్టుకుని అక్కను ఒక్కొక్కటే అడుగుతోంది. పేరు, వయసు, షుగరుందా, బీపీ ఉందా. "ఏం పని చేస్తారు?" అనగానే అక్క తడుముకోకుండా "ఏమీ లేదు, ఇంట్లోనే" అంది. పక్కనున్న నేను ఊరుకోలేదు. "నలభై ఏళ్ళుగా పొద్దున పదింటి నుంచి కొట్లో నిలబడి చీరలు విప్పి చూపిస్తా ఉండావు. అది పని గాదా?" అన్నాను. ఆ అమ్మాయి ముందు రాసింది చెరిపేసి నేను చెప్పింది రాసుకుంది. అక్క నా వైపు తిరిగి "నువ్వు మారవే" అని నవ్వింది. మారను. ఎట్లా మారతాను? పదహారేళ్ళ వయసులో ఒక ఆసుపత్రి వార్డులో నేర్చుకున్న పాఠం అది. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ నాకు భయం కాదు, సంబరం. మా బంధువుల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు నాకు ఫోను చేయడానికి కారణం కూడా ఆ వారమే.

మాది వాషర్‌మెన్‌పేట. ఎన్ని తరాల నుంచి అంటే మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. మా తాతకు మెయిన్ రోడ్డు మీద తాళ్ళ కొట్టు ఉండేదట. రాయపురం పడవల వాళ్ళు పడవలకీ వలలకీ కావలసిన తాళ్ళు ఆయన దగ్గరే కొనేవాళ్ళట. ఇన్ని "అట"లు ఎందుకంటే, నేను పుట్టేసరికే ఆ కొట్టు లేదు. నైలాన్ తాళ్ళు వచ్చి ముంచాయో, తాతగారి మెత్తదనం ముంచిందో, పెద్దవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్ళు. కొట్టు పోయింది గానీ మేము వ్యాపారస్థులం అనే మాట పోలేదు. పెళ్ళిళ్ళలో, బడిలో, రేషన్ కార్డు రాసే చోట, ఎక్కడ ఎవరు అడిగినా "బిజినెస్" అనే చెప్పాలి. అది మా ఇంటి కట్టడి. దాన్ని కాపాడే భారమంతా మా పెదనాయన తన నెత్తిన వేసుకున్నాడు. నాయన కంటే ఆరేళ్ళు పెద్ద. బయటివాళ్ళతో ఇంటి తరఫున మాట్లాడే మనిషి ఆయనొక్కడే. కరెంటు బిల్లు తప్పు వచ్చినా, బడిలో టీచరు పిలిపించినా ఆయనే వెళ్ళేవాడు. మా నాయన మాటల మనిషి కాదు, అన్న ఉండగా నాకెందుకు అనుకునే రకం.

అసలు సంగతి ఇంటి వెనక ఉండేది. సందులోకి తెరుచుకునే రేకుల షెడ్డులో అన్నదమ్ములిద్దరూ సీసం కరిగించేవాళ్ళు. చేపల వల నీళ్ళలోకి దిగాలంటే దాని అంచుకు బరువుండాలి గదా, అందుకు కట్టే సీసం గుండ్లు పోయడం వాళ్ళ పని. పెదనాయన పాత బ్యాటరీలు పగలగొట్టి లోపలి పలకలు తీసేవాడు. నాయన బొగ్గుల పొయ్యి మీద ఇనప మూకుట్లో వాటిని కరిగించి, పైన తేలే మడ్డిని గరిటెతో తీసేసి, అచ్చుల్లో పోసేవాడు. తళతళా మెరుస్తూ ఆ ధార అచ్చులోకి దిగుతుంటే నాకు రెప్ప వేయబుద్ధయ్యేది కాదు. ఒక్క చుక్క కింద పడనిచ్చేవాడు కాదు నాయన. బ్యాటరీల పుల్లటి వాసన, మసి మాడిన వాసన, గొంతులో కాస్త తియ్యగా అంటుకునే ఇంకేదో వాసన మధ్యాహ్నం దాకా పెరడంతా ఉండేవి. గాలి రాయపురం వైపు నుంచి తిరిగితే ఎండుచేపల వాసన, వంటింట్లోంచి అమ్మ పెట్టే పులుసు వాసన వాటికి తోడయ్యేవి. అన్నీ కలిపి ముక్కుకు తగిలితే ఇల్లు వచ్చేసిందని నా కాళ్ళు వాటంతటవే సందు మలుపు తిరిగేవి.

పదింటికి అమ్మ ఇచ్చిన కాఫీ షెడ్డుకు తీసుకెళ్ళే పని సెలవు రోజుల్లో నాది. నాయన మసి చేతులతోనే గ్లాసు అందుకునేవాడు. ఆ చేతులతోనే తమలపాకు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి నోట్లో వేసుకునేవాడు. పూటకు నాలుగైదు. వక్కాకు లేకుండా మూకుడు వేడి తట్టుకోలేనని ఆయన నమ్మకం. పన్నెండింటికి పొయ్యి ఆర్పేవాళ్ళు. అప్పుడు స్నానం, భోజనం, కునుకు. నాలుగింటికి ఇద్దరూ మల్లెపువ్వుల్లాంటి పంచెలు కట్టి, ఇస్త్రీ చొక్కాలు తొడిగి, నామం పెట్టుకుని ముందు తలుపు తీసి తిన్నె మీద పేపరు పట్టుకుని కూర్చునేవాళ్ళు. చూసినవాళ్ళు, వీళ్ళెవరో కొట్టు గుమాస్తాలకు అప్పజెప్పి వచ్చి సేదతీరుతున్న షావుకార్లనుకోవాలి. వీధిలో ఎవరూ అట్లా అనుకోలేదు. పాలవాడికి తెలుసు, ఇస్త్రీ బండాయనకు తెలుసు, ఎదురింటి వాళ్ళ కుక్కకు కూడా తెలుసని నా అనుమానం. వీధి వీధంతా తెలిసిన ఈ రహస్యం చివరికి తెలియకుండా పోయింది డాక్టర్లకు మాత్రమే.

నేను పదకొండో తరగతిలో ఉండగా నాయనకు కడుపునొప్పి మొదలైంది. అట్లాంటిట్లాంటి నొప్పి కాదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పళ్ళు బిగబట్టి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నాలుగైదు రోజులైనా విరేచనం అయ్యేది కాదు. మనిషి తెల్లగా పాలిపోయాడు. వీధి చివర డాక్టరు అల్సరన్నాడు, మజ్జిగ తాగమన్నాడు. మజ్జిగ అయింది, బార్లీ అయింది, సగ్గుబియ్యం జావ అయింది, అమ్మవారికి మొక్కూ అయింది. ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు నాయన కుడిచేతిలోంచి జారిపోయింది. తీయబోతే మణికట్టు పైకి లేవలేదు. చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి కిందికి వాలిపోయింది. నాయన ఆ చేతి వంక అది ఎవరిదో అన్నట్టు చూశాడు. అమ్మ కింద ఒలికిన కాఫీ తుడుస్తూనే ఏడ్చింది. పెదనాయన ఆటో పిలిచాడు.

ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాము. పేరెందుకులెండి, తప్పు వాళ్ళది కాదు, మాది. ఆపరేషన్లకు వచ్చిన మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. చేర్చుకునేటప్పుడు ఒక కుర్ర డాక్టరు అన్నీ అడిగి రాసుకున్నాడు. నాయన నోరు విప్పకముందే పెదనాయన ముందుకొచ్చాడు. సిగరెట్టా? లేదు. మందా? లేదు. వక్కాకు? ఉంది సార్. ఏం పని? "బిజినెస్ సార్. రోప్ బిజినెస్." డాక్టరు సరేనని రాసుకుని తరవాతి ప్రశ్నకు పోయాడు. ఆ కాగితాన్ని ఒక అట్టకు తగిలించి మంచం కాళ్ళ దగ్గర వేలాడదీశారు. నేను చదివాను, నాకేమీ వింతగా అనిపించలేదు. నా బడి రికార్డులోనూ తండ్రి వృత్తి అదే. పరీక్షలన్నీ చేసి, పేగు ఎక్కడో అడ్డుపడి ఉంటుందని, ఫోటోల్లో సరిగ్గా తెలియడం లేదని, గురువారం పొట్ట తెరిచి చూస్తామని చెప్పారు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉంది, ఎక్కించి చేస్తాం, అయినా ఈ ఒంటితో తట్టుకోవడం కష్టమే అని పెదనాయనను పక్కకు పిలిచి చెప్పారు. నేను పక్కకు పోలేదు కాబట్టి నాకూ వినిపించింది. వాలిపోయిన చెయ్యి సంగతి అడిగితే, నీరసానికి నరం దెబ్బతిని ఉంటుందన్నారు.

నాకు పరీక్షలైపోయి సెలవులు. ఇంట్లో మంచం పట్టిన నానమ్మను వదిలి అమ్మ కదలలేదు కాబట్టి పగలంతా నాయన దగ్గర నేనే. పొద్దున బస్సెక్కి, అమ్మ కట్టిన క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, గేటు దగ్గర పాసు చూపించి లోపలికి పోవడం నాలుగు రోజుల్లో అలవాటైపోయింది. ఫినాయిల్ వాసన, ఇడ్లీల వాసన, నర్సమ్మల చెప్పుల చప్పుడు. నాయన నోరు పుక్కిలించడానికి నీళ్ళు పట్టేదాన్ని. వక్కాకు మానేసి మూడు వారాలు దాటింది, పళ్ళ ఎరుపు తగ్గుతోంది. కానీ చిగుళ్ళ అంచున, పళ్ళు మొదలయ్యే చోట, నల్లటి నీలం గీత ఒకటి కనిపించింది, పెన్సిలు పెట్టి గీసినట్టు. ఉప్పుతో రుద్దాను, పోలేదు. నర్సమ్మను అడిగితే "వక్కాకు మరకలే, ఇన్నేళ్ళది ఒక్కసారి పోతుందా" అంది. అదీ నిజమే గదా అనుకున్నాను.

మంగళవారం పక్క మంచం మీదికి కొత్తాయన వచ్చాడు. ఆయనకూ కడుపు జబ్బే. అదే కుర్ర డాక్టరు, అదే అట్ట, అవే ప్రశ్నలు. ఏం పని అంటే ఆయన దాపరికం లేకుండా "తోళ్ళ పని సార్, తోళ్ళు నానబెట్టే తొట్ల దగ్గర" అన్నాడు. నేను చూస్తున్నాను. డాక్టరు పెన్ను ఆగింది. తొట్లో ఏం కలుపుతారు, చేతులకు ఏమైనా తొడుక్కుంటారా, ఎన్నేళ్ళయింది, ముక్కులోంచి రక్తం వస్తుందా, నీతో పనిచేసేవాళ్ళకు ఎట్లా ఉంది. ఒక్క జవాబుకు పది ప్రశ్నలు పుట్టాయి. చొక్కా విప్పించి చేతులు చూశాడు, గోళ్ళు చూశాడు, ముక్కులో లైటు వేసి చూశాడు. మా నాయనకు "బిజినెస్" అన్నప్పుడు సరే అని వెళ్ళిపోయిన మనిషే ఈయన. నాకు వైద్యం తెలియదు, సీసం మంచిదో చెడ్డదో తెలియదు. మేము చెప్పిన ఒక్క మాట వల్ల మా నాయనకు రావలసిన పది ప్రశ్నలు రాకుండా పోయాయని మాత్రం ఆ క్షణంలో తెలిసింది. ఇంకా ఒక్క రోజే మిగిలింది.

ఇంటికి పోగానే అమ్మతో చెప్పాను. అమ్మ పొయ్యి మీది గిన్నె దించి, "మీ పెదనాయన చెప్పాల్సిన మాట అది. మనం నోరు చేస్తే బాగుండదు" అంది. పెదనాయన తిన్నె మీద ఉన్నాడు. ఆయనకూ చెప్పాను.

"రోగానికీ పనికీ ఏం సంబంధం పాపా?"

"ఏమో పెదనాయనా, చెప్తే డాక్టరు అడుగుతాడు గదా."

"ఈడ చెప్పిన మాట ఆడ పురసవాక్కం దాకా పోతాది. వచ్చే నెల మీ అక్కకు తాంబూలాలు. బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళ బిడ్డ అంటే వాళ్ళు గడప తొక్కుతారా? గమ్మునుండు. డాక్టర్లు చదువుకున్నోళ్ళు, వాళ్ళకి తెలియందా."

ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడంటే ప్రాణం. ఆ తమ్ముడి కోసమే వారంలో మనిషి సగమయ్యాడు. కానీ ఒక మాట ఇరవై ఏళ్ళు చెప్పాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. నాకా కష్టం లేదు, పదహారేళ్ళ దాన్ని, నేను వెనక్కి తీసుకోవలసిన మాటలింకా పోగుపడలేదు. బుధవారం పొద్దున బస్సులో కూర్చుని చెప్పవలసిందంతా తమిళంలో మనసులో వల్లించుకున్నాను. పక్కనున్నామె నా పెదాలు కదలడం చూసి, స్తోత్రం చదువుతున్నాననుకుని భక్తిగా జరిగి చోటిచ్చింది.

ఎనిమిదింటికి వార్డుకు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చేది. సన్నగా, జడ ముడేసుకుని, ఎప్పుడూ పరుగు మీద ఉండేది. వెళ్ళి దారికి అడ్డం నిలబడ్డాను. "అక్కా, మా నాయనది బిజినెస్ కాదు" అన్నాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. అంతే, మాటలు తన్నుకొచ్చాయి. షెడ్డు, మూకుడు, బ్యాటరీ పలకలు, వల గుండ్లు, అన్నీ చెప్పేశాను. "ఈయం" అనే మాట విన్నదే తడవు ఆమె చేతిలో కాగితాలు కిటికీ గూట్లో పెట్టేసింది. ఈయం అంటే తమిళంలో సీసమే. అప్పుడు మొదలయ్యాయి నా పది ప్రశ్నలు. ఎన్నేళ్ళుగా, రోజుకు ఎన్ని గంటలు, షెడ్డుకు కిటికీలున్నాయా, తిండి ఎక్కడ తింటాడు, చేతులు కడుక్కుంటాడా, షెడ్డులో ఇంకెవరుంటారు. ఆమె అడిగేకొద్దీ నాకు పండగలా ఉంది. సెలవుల్లో పదింటి కాఫీ తీసుకెళ్ళిన దాన్ని, నా దగ్గర లేని జవాబు లేదు. చిగుళ్ళ మీద గీత సంగతి కూడా చెప్పాను. ఆమె గబగబా మంచం దగ్గరికి వచ్చి, నాయన పెదవి పైకెత్తి, లైటు వేసి, వేలితో ఆ గీతను రుద్ది చూసింది. తరవాత మెల్లగా, "అయ్యా, ఈయం పని చేస్తారా?" అని అడిగింది.

నాయన నా వంక చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేదు. అంత నొప్పిలోనూ సిగ్గుపడ్డాడు మా నాయన. "మా అన్న వస్తాడు. ఆయన్ని అడగండి" అని గోడ వైపు తిరిగిపోయాడు.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. గీత ఉంది, చెయ్యి వాలింది, రక్తం తక్కువ, నువ్వు చెప్పింది నిజమైతే పొట్ట కొయ్యనే అక్కర్లేదు, మందులతో తగ్గే జబ్బిది అంది. రక్తం తీసి పరీక్షకు పంపిస్తాను గానీ దాని జవాబు రేపటి లోపల రాదు. సాయంత్రం పెద్ద డాక్టరు వస్తారు, రేపటి ఆపరేషన్ల లిస్టు ఆయన చేతిలో ఉంది. మీవాళ్ళు కాదంటే ఒక చిన్నపిల్ల మాట మీద లిస్టు మార్చరు. చూపించడానికి ఏమైనా తేగలవా అని అడిగింది. ఆ ప్రశ్న పూర్తయ్యేసరికి నేను మెట్ల దగ్గరున్నాను.

వాషర్‌మెన్‌పేట బస్సు ఎప్పుడు దొరికిందో, ఎట్లా దిగానో తెలియదు. సందులోంచే షెడ్డులోకి దూరి, మూల బుట్టలోంచి గుప్పెడు గుండ్లు తీసుకుని టిఫిను డబ్బాలో వేస్తుంటే అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో డబ్బా తీసుకుని కింద పెట్టింది. బుట్టలో వెతికి, చివరిసారి నాయన చేతులు బాగున్నప్పుడు పోసినవి ఆరు ఏరి, పాత చీర ముక్కలో మూటకట్టి ఇచ్చింది. "ఎవురిచ్చినారని అడిగితే నేనే ఇచ్చినా అని చెప్పు" అంది. మా అమ్మ పెదనాయన మాటకు ఎదురు నిలవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తిరుగు బస్సులో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని, డ్రైవరు ప్రతి స్టాపులో ఎందుకు ఆపుతున్నాడో అర్థంకాక ఆయన మీద పళ్ళు నూరుకున్నాను.

సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళ. మా ఖర్మకొద్దీ పురసవాక్కం నుంచి సులోచనక్కకు కాబోయే మామగారు, అత్తగారు కమలాపళ్ళ సంచితో వచ్చి కూర్చున్నారు. పెదనాయన స్టూలు మీద నిటారుగా కూర్చుని వాళ్ళతో తాళ్ళ ధరల గురించి మాట్లాడుతున్నాడు. అప్పుడే పెద్ద డాక్టరు వచ్చాడు, వెనక చిన్న డాక్టరమ్మ, ఆమె వెనక పదిమంది విద్యార్థులు. పెద్ద డాక్టరు అడిగిందీ, మావాళ్ళు చెప్పిందీ అంతా తమిళంలోనే. నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి. ఈయన ఏం పని చేస్తాడని నేరుగా అడిగాడు. పెదనాయన ఒకసారి వియ్యంకుడి వంక చూసి లేచి నిలబడ్డాడు. "బిజినెస్ సార్. పాప చిన్నది, భయంతో ఏమేమో చెప్తా ఉండాది."

చిన్న డాక్టరమ్మ నేను తెచ్చిచ్చిన చీర ముక్క మూట విప్పి ఆరు గుండ్లూ పెద్ద డాక్టరు అరచేతిలో పోసింది. పెదనాయన మొహంలో రంగు మారింది. అయినా తగ్గలేదు. "ఇవి యాడబడితే ఆడ దొరుకుతాయి సార్. బజారు గుండ్లు. నూరు చోట్ల పోస్తారు."

గోడ వైపు తిరిగున్న నాయన ఇటు తిరిగాడు. ఎడమచెయ్యి చాపాడు. పెద్ద డాక్టరు ఏమనుకున్నాడో, ఒక గుండు ఆ చేతిలో పెట్టాడు. నాయన దాన్ని వేళ్ళ మధ్య దొర్లించి చూసుకున్నాడు, అంచు వెంట బొటనవేలు రాశాడు.

"ఇది బజారు గుండు గాదు సార్" అన్నాడు. "బజారు గుండుకి పక్కన గీత లేస్తాది. ఆ గీత వల దారాన్ని కోసేస్తాది. దీనికి చూడండి, గీత ఉండాదా? అచ్చుకు ముందు మసి పట్టించాల. ధార ఆపకుండా పోయాల. వేడి పోకముందే తీసి అంచు రాయాల. రాయపురంలో ఎవుర్నైనా అడగండి, ఈ గుండు ఎవురిదని. ఇది నేను పోసింది. ఇరవై ఏండ్లుగా నేనే పోస్తా ఉండా."

మాటల మనిషి కాదని చెప్పానే, ఆ మనిషి. ఆగలేదు. ఎట్లా పోస్తాడో చూపించడానికి కుడిచెయ్యి ఎత్తాడు, మణికట్టు వాలిపోయింది, ఎడమచేత్తో దాన్ని పట్టి నిలబెట్టి మరీ చూపించాడు. పెదనాయనను తన అన్నగా, ఇంటి పెద్దగా ఇన్నేళ్ళు ఒక్క మాటకు కాదనని మనిషి, తన పనిని బజారు పని అన్నందుకు మాత్రం ఊరుకోలేకపోయాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. పెద్ద డాక్టరు వంగి నాయన చిగుళ్ళు చూశాడు, రెండు చేతులూ చాపించి చూశాడు, విద్యార్థులను ఒక్కొక్కర్నే పిలిచి చూపించాడు. తరవాత వెనక్కి తిరిగి "రేపటి లిస్టులోంచి ఈ పేరు తీసెయ్యండి" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను, ఉత్త మాట కాదు, నిజంగానే. నర్సమ్మ కసిరింది. కసిరితే కసిరింది, ఇంకోసారి వేశాను.

పురసవాక్కం మామగారు ఇదంతా కమలాపండు ఒలుస్తూ విన్నారు. ఒలిచిన తొనలు నాయన చేతికిచ్చి, పెదనాయన వైపు తిరిగి, "ఇంత పనితనం పెట్టుకొని దాచేదేంటికి బావగారూ? విచారించకుండానే పిల్లను చేసుకుంటామా? మీ షెడ్డు సంగతి మాకు మొదటిరోజే తెలుసు" అన్నారు. పెదనాయన స్టూలు మీద కూలబడ్డాడు.

నాయనను మందుల వార్డుకు మార్చారు. రోజూ సెలైను సీసాలో కలిపి మందు ఎక్కించేవాళ్ళు. నాలుగో రోజుకు నొప్పి తగ్గింది, ఆరో రోజు రసం అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. రక్తం పరీక్ష జవాబు వచ్చాక చిన్న డాక్టరమ్మ దాన్ని నా చేతికే ఇచ్చి చదవమంది. చెయ్యి మాత్రం నెలల తరబడి మొండికేసింది. ఒక పొద్దున అమ్మ కాఫీ ఇస్తే కుడిచేత్తో అందుకుని, అందుకున్నట్టు తనకే తెలియక తాగేశాడు. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, "ఏంది అట్ల చూస్తారు?" అన్నాడు. ఆ తరవాత మూకుడు ముట్టలేదు. రాయపురంలో వలలమ్మే కొట్లో పనికి కుదిరి చాలా ఏళ్ళు బతికాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడా చూసుకుంటే నా మనసు రెండు వైపులా లాగుతుంది. అప్పుడు ఒక డాక్టరమ్మ నలభై మంచాలు చూస్తూ కూడా ఒక పిల్ల కోసం కాగితాలు పక్కన పెట్టి నిలబడింది. ఇప్పుడు అన్నీ ముందే అడుగుతారు, కానీ అడిగేవాళ్ళ కళ్ళు తెర మీద ఉంటాయి. మన జవాబు వాళ్ళ జాబితాలో లేకపోతే పక్కనున్నదేదో నొక్కేసి పోతారు. అట్లాగని ఆ రోజులే బంగారం అనను. ఆడపిల్ల పెద్దవాళ్ళను కాదని నోరు విప్పడమే పెద్ద తప్పుగా ఉండేది. ఇవాళ మా తమ్ముడి మనవరాలు పన్నెండేళ్ళది, ఫోను చేతిలో పట్టుకుని డాక్టరుతో వాదనకు దిగుతుంది, చూడ్డానికి నాకెంత హుషారుగా ఉంటుందో చెప్పలేను. దానికి నేను చెప్పేది ఒకటే. ఫోనులో ఉన్నది డాక్టరుకూ తెలుసే అమ్మా. పొద్దున లేచినప్పటి నుంచి మీ తాత చేతులు ఏం చేస్తాయో, అది చెప్పు.

ఆ వారంలో ఇంకొకటి జరిగింది. లిస్టులోంచి పేరు తీసేసిన మర్నాడు పెదనాయన ఆసుపత్రికి రాలేదు. అమ్మతో మాట్లాడలేదు, నా వంక చూడలేదు. షెడ్డులో పనిచేసే ఆయన్ని కూడా పరీక్షకు తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది గానీ, ఆ మాట ఆయనతో అనే ధైర్యం నాకు చాలలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. చంకలో తలగడ, చేతిలో సబ్బుపెట్టె. ఆరు నెలలుగా ఆయనకూ అదే నొప్పి ఉందట, ఎవరికీ చెప్పకుండా గుడ్డతో పొట్ట బిగించి కట్టుకుని తిరుగుతున్నాడట. నాయన పక్క మంచమే ఇచ్చారు. అన్నను చూసి నాయన తన దుప్పటి తీసి అటు వేశాడు. నర్సమ్మ అట్ట పట్టుకుని వచ్చింది. పేరు చెప్పాడు, వయసు చెప్పాడు. "ఏం పని?" అని అడిగింది. పెదనాయన మాట్లాడబోయి ఆగాడు. తమ్ముడి వంక చూశాడు, తరవాత నన్ను దగ్గరికి పిలిచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మా ఇంట్లో ఇట్లాంటివన్నీ ఈ పాపే చెప్తాది. దాన్నే అడుగు తల్లీ" అన్నాడు.

బ్యాటరీలు పగలగొట్టడం దగ్గర్నుంచి ఒక్కటీ వదలకుండా చెప్పాను. నర్సమ్మ రాసుకుంటున్నంతసేపూ, నా ఒక్కొక్క మాటకూ పెదనాయన అవునని తలూపుతూనే ఉన్నాడు.